దీప్తి పరుగు మనకు చెప్పేదేమిటి?

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా అమీర్‌పేటలో జరిగిన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను మాట్లాడతానని కార్యదర్శిగారు ప్రకటించగానే ముందు వరసలో ఇద్దరు ముగ్గురు మిత్రులు కాగితం, కలం తీశారు. కరువు భృతి బకాయిల లెక్క చెబుతాననుకున్నారు కాబోలు. ఆ లెక్క నాకంటే బాగా చెప్పేవారు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నేను ఈ రోజు మన మనవరాలి వయసున్న ఒక అమ్మాయి గురించి చెప్పదలచుకున్నాను. కలం మాత్రం లోపల పెట్టకండి. చివర్లో పనికొస్తుంది.

డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఆ రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మనకు కంఠస్థం. పెన్షన్ అనేది యజమాని దయతలచి ఇచ్చే బక్షీసు కాదనీ, చేసిన సేవకు దక్కవలసిన హక్కనీ ఆ తీర్పు తేల్చింది. ఇదే నెలలో 3వ తేదీ కూడా ఒక ముఖ్యమైన రోజే. ఆ తేదీని అంతర్జాతీయ వికలాంగుల దినంగా జరపాలని ఐక్యరాజ్యసమితి 1992లో నిర్ణయించింది. రెండు వారాల తేడాతో వచ్చే ఈ రెండు రోజులు చెప్పే మాట ఒక్కటేనని నా మనవి. మనం దయ నుంచి హక్కుకు వచ్చాం. వాళ్ళు ఇంకా దారిలో ఉన్నారు.

ఇక ఆ అమ్మాయి విషయానికి వస్తాను. పేరు జీవాంజి దీప్తి. వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం కల్లెడ గ్రామం. 2003లో పుట్టింది. తండ్రి యాదగిరి, తల్లి ధనలక్ష్మి కూలీనాలీ చేసుకునేవారు. ఉన్న కొద్దిపాటి పొలం కూడా కష్టకాలంలో అమ్ముకోవలసి వచ్చింది. పుట్టుకతోనే పిల్ల తల చిన్నదిగా ఉంది. పెదవి, ముక్కు తీరు వేరుగా ఉంది. బుద్ధి ఎదుగుదల తోటి పిల్లలకంటే వెనకబడింది. గ్రహణం వేళ పుట్టింది కాబట్టి అలా అయిందన్నారు. మన భాషలోనే చూడండి, పెదవి చీలికకు ‘గ్రహణం మొర్రి’ అని పేరు పెట్టుకున్నాం. ఎక్కడో ఆకాశంలో నీడ పడితే ఇక్కడ కడుపులో బిడ్డకు లోపమట! ఆ నేరమంతా చివరికి తల్లి మీదికే వస్తుంది, గ్రహణం వేళ బయట తిరిగిందని.

ఊళ్ళో ఆ పిల్లను పిచ్చిదన్నారు, కోతి అన్నారు. అనాథాశ్రమంలో వదిలేయమని తల్లిదండ్రులకు సలహా ఇచ్చినవారూ ఉన్నారని తర్వాత ఆ తల్లే విలేఖరులకు చెప్పింది. పిల్ల ఏడ్చుకుంటూ ఇంటికి వస్తే తల్లి తీపి అన్నం వండి పెట్టేదట. ఆ దంపతులు పిల్లను వదలలేదు. దాచలేదు కూడా. బడికి పంపారు. ఈ రోజు నేను చెప్పబోయే మాటలన్నీ ఈ ఒక్క సంగతి చుట్టూ తిరుగుతాయి.

కల్లెడ బడి మామూలు బడి కాదు. గ్రామీణాభివృద్ధి ఫౌండేషన్ వారు నడిపే ఆ బడిలో ఆటలకు పెద్దపీట. ఆ ఊరి అమ్మాయి వర్ధినేని ప్రణీత 2008లో బీజింగ్ ఒలింపిక్స్‌లో విలువిద్యలో మన దేశం తరఫున పోటీ చేసింది. అంతటి పల్లెటూరి నుంచి ఒలింపిక్స్‌కు వెళ్ళినవారు అప్పటికే ఉన్నారన్నమాట. ఆ బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడు దీప్తి పరుగు చూశారు. మాట నెమ్మది, లెక్క నెమ్మది, కానీ కాళ్ళు మాత్రం నెమ్మది కాదు. మామూలు పిల్లలతో కలిపి పరుగెత్తించారు. తర్వాత ఒక పోటీలో అథ్లెటిక్స్ కోచ్ నాగపురి రమేష్‌గారి కంట పడింది. ద్రోణాచార్య పురస్కారం అందుకున్న కోచ్ ఆయన. హైదరాబాదు పంపమంటే, బస్సు ఛార్జీకి కూడా వెతుక్కోవలసిన ఇల్లు అది. ఎలాగో పిల్ల నగరం చేరింది.

ఇక్కడ బ్యాడ్మింటన్ గురువు పుల్లెల గోపీచంద్‌గారు ఒక సలహా ఇచ్చారు. పిల్లను సికింద్రాబాదులో ఉన్న జాతీయ సంస్థకు తీసుకెళ్ళి పరీక్షలు చేయించమన్నారు. బోయిన్‌పల్లి దగ్గర మనోవికాస్‌నగర్‌లో ఉన్న సంస్థ అది. 1984లో ఏర్పడింది. అప్పట్లో మనమంతా ఎన్.ఐ.ఎం.హెచ్. అనేవాళ్ళం, ఇప్పుడు పేరు మార్చి నీపిడ్ అంటున్నారు. మనం కూర్చున్న ఈ అమీర్‌పేట నుంచి ఎంత దూరం? ఆటోలో అరగంట, నలభై నిమిషాలు. దేశం నలుమూలల నుంచి తల్లిదండ్రులు రైళ్ళెక్కి అక్కడికి వస్తారు. ఆటో దూరంలో ఉన్న మనలో మాత్రం చాలామందికి దాని దారి తెలియదు.

ఆ పరీక్షల తర్వాత దీప్తి పరిస్థితికి ఒక సరైన పేరు వచ్చింది: మేధో వైకల్యం. ఊళ్ళో పెట్టిన పేర్లు ఆ పిల్లను ఏడిపించాయి. వైద్యులు పెట్టిన పేరు ఆమెకు దారి చూపింది. ఆ కాగితంతోనే ఆమె పారా క్రీడలకు అర్హురాలైంది. అంతర్జాతీయంగా మళ్ళీ పరీక్షించి ‘టి20’ అనే వర్గంలో చేర్చారు.

కాగితానికి ఇంత పట్టింపు దేనికని మీకు అనిపించవచ్చు. దానికో కథ ఉంది. 2000 సంవత్సరం సిడ్నీ పారాలింపిక్స్‌లో మేధో వైకల్యం ఉన్నవారి బాస్కెట్‌బాల్ పోటీలో స్పెయిన్ జట్టు బంగారు పతకం గెలిచింది. తర్వాత తేలిందేమిటంటే, ఆ పన్నెండుమందిలో పదిమందికి అసలు ఏ వైకల్యమూ లేదు. పతకాలు వెనక్కి తీసుకున్నారు. అంతటితో ఆగలేదు. మేధో వైకల్యం ఉన్నవారి పోటీలనే పారాలింపిక్స్ నుంచి తీసేశారు. 2004లో లేవు, 2008లో లేవు. పరీక్షల పద్ధతి కట్టుదిట్టం చేశాక 2012 లండన్‌లో మళ్ళీ పెట్టారు. దొంగ సర్టిఫికెట్లు పెట్టినవారి వల్ల ప్రపంచంలోని నిజమైన అర్హులందరూ పన్నెండేళ్ళు వాకిటి బయట నిలబడ్డారు. ఆఫీసుల్లో జీవితమంతా గడిపిన మనకు ఈ సంగతి ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

అక్కడి నుంచి దీప్తి పరుగు మీకు తెలిసిందే. 2023 అక్టోబరులో చైనాలోని హాంగ్‌జౌలో ఆసియా పారా క్రీడలు. 400 మీటర్లలో 56.69 సెకన్లతో బంగారు పతకం. ఆ బహుమతి డబ్బు వచ్చాక ఆ ఇంటివారు పొలం తిరిగి కొనుక్కున్నారు. 2024 మే 20న జపాన్‌లోని కోబెలో ప్రపంచ ఛాంపియన్‌షిప్. 55.07 సెకన్లు, ప్రపంచ రికార్డు. అంతకుముందు రికార్డు అమెరికా అమ్మాయి బ్రియానా క్లార్క్‌ది, 55.12. తేడా సెకనులో ఇరవయ్యో వంతు. కనురెప్ప వేసేలోపే అయిపోతుంది. అదే ఏడాది సెప్టెంబరు 3న పారిస్ పారాలింపిక్స్‌లో 55.82 సెకన్లతో కాంస్యం. మేధో వైకల్యం ఉన్న భారతీయ క్రీడాకారుల్లో పారాలింపిక్ పతకం గెలిచిన మొదటి వ్యక్తి మన కల్లెడ అమ్మాయి. ఆ పారిస్ క్రీడల్లో మన దేశానికి మొత్తం 29 పతకాలు వచ్చాయి. 2025 జనవరిలో రాష్ట్రపతి చేతుల మీదుగా అర్జున పురస్కారం. ఆ ఏడాదే ఢిల్లీలో జరిగిన ప్రపంచ పోటీల్లో రజతం.

ఆమె ఒక్కతేనా అంటే కాదు. మన పక్కనే మరికొందరున్నారు. మురళీకాంత్ పేట్కర్ అనే సైనికుడి పేరు ఇటీవల సినిమా వచ్చాక అందరికీ తెలిసింది. సైన్యంలో ఇ.ఎం.ఇ. దళం మనిషి. సికింద్రాబాదు తిరుమలగిరి వైపు తిరిగినవారికి ఆ దళం కేంద్రం తెలిసే ఉంటుంది. స్వతహాగా బాక్సర్. 1965 యుద్ధంలో తూటాలు తగిలి నడుము కింది భాగం చచ్చుబడింది. బాక్సింగ్ పోయిందని కూర్చోలేదు. 1968 టెల్ అవీవ్ పారాలింపిక్స్‌లో టేబుల్ టెన్నిస్ ఆడాడు. 1972లో హైడెల్‌బర్గ్‌లో 50 మీటర్ల ఈతలో దేశానికి మొట్టమొదటి పారాలింపిక్ బంగారు పతకం తెచ్చాడు. ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది 2018లో. నలభై ఆరేళ్ళు! మన బకాయిలు నయం అనిపించింది నాకు.

ఖమ్మం జిల్లా సత్తుపల్లికి చెందిన ప్రతిపాటి మాధవీలతగారు బ్యాంకు ఉద్యోగిని. పసితనంలో పోలియో. నీళ్ళలో వ్యాయామం చేయమని డాక్టరు చెబితే నడివయసులో ఈతకొలనులో దిగారు. 2011లో జాతీయ పారా ఈత పోటీల్లో పతకాలు గెలిచారు. అంతటితో తృప్తిపడి ఊరుకోలేదు. చక్రాల కుర్చీ బాస్కెట్‌బాల్‌కు దేశవ్యాప్త సమాఖ్య ఏర్పాటు చేసి నడిపిస్తున్నారు. ఒక ఆట నుంచి ఇంకో ఆటకు, ఆట నుంచి తోటివారి హక్కులకు వెళ్ళిన మనిషి ఆమె.

పంజగుట్ట నిమ్స్‌ను మనలో పాతవారు ఇప్పటికీ ఎముకల ఆస్పత్రి అంటారు. నిజాం ఆర్థోపెడిక్ ఆస్పత్రిగా మొదలైనది కదా మరి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ రోడ్డు మీద బస్సు కోసం నిలబడితే, ఇనుప పట్టీలు తొడిగిన పిల్లలను చంకన వేసుకుని వచ్చే తల్లులు రోజూ కనిపించేవారు. అంతా పోలియోనే. మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో నమోదైంది. 2014లో ఆ జబ్బు పోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. పోలియో కాళ్ళు కనిపించేవి కాబట్టి ఇంటివారు దాచలేకపోయారు, లోకమూ కాదనలేకపోయింది. బుద్ధిమాంద్యం అలా కాదు. అది పైకి కనిపించదు. తలుపు వేసి దాచిపెట్టవచ్చు.

దాచితే ఏమవుతుందో చెబుతాను. ఇది వాళ్ళబ్బాయి అనుమతితోనే చెబుతున్నాను, పేర్లు మాత్రం చెప్పను. నాతో ఏళ్ళ తరబడి పనిచేసిన మిత్రుడొకడు. అతనికి ఇద్దరు కొడుకులని మా ఆఫీసంతా అనుకునేది. అతను పోయినప్పుడు పరామర్శకు వెళితే లోపలి గదిలో నలభై ఏళ్ళ కూతురు కనిపించింది. మనసు ఐదేళ్ళ పిల్లది. పెళ్ళి సంబంధాలు చెడతాయని, కొడుకులకు పిల్లనివ్వరని బయటికి చెప్పలేదట. కుటుంబ వివరాల కాగితంలోనూ ఆమె పేరు రాయలేదు. తల్లి ఉన్నంతకాలం ఆమె ఫ్యామిలీ పెన్షన్‌తో గడిచింది. ఆ తల్లీ పోయింది. అప్పుడు పెద్ద కొడుకు నా దగ్గరికి వచ్చాడు. “అంకుల్, చెల్లిని నేను చూసుకుంటాను. కానీ ఆమెకని నాలుగు రూపాయలు వస్తే నా తర్వాత కూడా ఎవరైనా చూస్తారు” అన్నాడు.

ఆమెకు పేరు లేదు, సర్టిఫికెట్ లేదు. తల్లిదండ్రులు బతికుండగానే ఆ లోపం ఉందని రుజువు కావాలన్నారు. తల్లి ట్రంకుపెట్టె అడుగున ఎప్పటిదో ఒక ఆస్పత్రి చీటీ దొరకబట్టి సరిపోయింది. కాళ్ళరిగేలా తిరిగితే పద్దెనిమిది నెలలకు మంజూరయింది. ఆ చీటీని చెదలు తినేసి ఉంటే?

ఇప్పుడు కలం తీయండి. సంపాదించుకోలేని వైకల్యం ఉన్న కొడుక్కి గానీ కూతురికి గానీ జీవితాంతం ఫ్యామిలీ పెన్షన్ పొందే హక్కు ఉంది. ఇరవై అయిదేళ్ళ వయోపరిమితి వారికి వర్తించదు. కేంద్ర పెన్షనర్లకు 2021 నాటి పెన్షన్ నిబంధనల్లో 50వ నిబంధన చూడండి. రాష్ట్ర పెన్షనర్లకు కూడా 1980 నాటి సవరించిన పెన్షన్ నిబంధనల్లో ఈ వీలు ఉంది. పెన్షనరు బతికుండగానే ఆ బిడ్డ పేరు పి.పి.ఒ.లో ఎక్కించుకోవచ్చని కేంద్రం చెప్పింది. శాశ్వత వైకల్యమైతే సర్టిఫికెట్ ఒక్కసారి ఇస్తే చాలు. తాత్కాలికమైతే ఐదేళ్ళకోసారి ఇవ్వాలి. మేధో వైకల్యం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బహుళ వైకల్యాలు ఉన్నవారికి పెద్దయ్యాక సంరక్షకుడు కావాలంటే, 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లా కలెక్టరు ఉన్న కమిటీకి దరఖాస్తు పెట్టుకోవాలి. వైకల్య సర్టిఫికెట్, కేంద్రం వారి యు.డి.ఐ.డి. కార్డు సంపాదించుకోండి. 1995 చట్టంలో వైకల్యాలు ఏడు రకాలే. 2016 చట్టంలో ఇరవై ఒకటి. అప్పుడు కాదన్నారని ఊరుకున్నవారు ఇప్పుడు మళ్ళీ అడగవచ్చు. ఆ చట్టం వచ్చాక ప్రభుత్వోద్యోగాల్లో రిజర్వేషన్ కూడా 3 శాతం నుంచి 4 శాతమైంది.

పతకాలు గెలిచినవారిని పొగడటం తేలిక. చప్పట్లకు ఖర్చు లేదు. మనవాళ్ళలో ఇంకొక అలవాటు ఉంది. దీప్తి బొమ్మ పత్రికలో చూపించి, “చూడు, ఆమె పతకం తెచ్చింది, నువ్వెందుకు తేలేవు?” అని ఇంట్లో ఉన్న బిడ్డను దెప్పడం. దయచేసి ఆ పని చేయకండి. కాళ్ళూ చేతులూ బాగున్న మనలో ఒలింపిక్స్‌కు వెళ్ళినవారెవరు? పతకం తేకపోయినా మనకు పెన్షన్ ఇస్తున్నారు కదా! హక్కు గెలిచినవారికి మాత్రమే కాదు, అందరికీ.

మా వీధిలో నల్గొండ జిల్లా నుంచి వచ్చిన కుర్రవాడు ఒకడు అద్దెకుంటున్నాడు. చక్రాల కుర్చీ. బ్యాంకు పరీక్షల కోచింగ్ కోసం అమీర్‌పేట వచ్చాడు. ఆదివారాలు జావెలిన్ విసరడం, ఎవరైనా తోడు దొరికితే టేబుల్ టెన్నిస్ ఆడటం. ఒకరోజు అతనితో పాటు పంజగుట్ట దాకా వెళ్ళాను. మెట్రోలో ఒక్క స్టేషనే. అమీర్‌పేట స్టేషన్‌లో రెండు లైన్లు కలుస్తాయి, ఎంత రద్దీ ఉన్నా లిఫ్టులో పైకి వెళ్ళాడు, రైలెక్కాడు, దిగాడు. ఎవరి సాయమూ అక్కరలేకపోయింది. చిక్కంతా స్టేషన్ దాటాకే. కాలిబాట మీద ఒకచోట జానెడు ఎత్తు గట్టు, ఒకచోట బండి, ఒకచోట స్తంభం. కుర్చీని రోడ్డు మీదికి దింపితే వెనక బస్సు హారన్. నాకు మోకాళ్ళ నొప్పి కాబట్టి ఆ గట్లు ఎక్కి దిగడం నాకూ కష్టమే అయింది.

అతని కోచింగ్ సెంటరు మూడో అంతస్తు. లిఫ్టు లేదు. ఇద్దరు స్నేహితులు రోజూ కుర్చీతో సహా ఎత్తుకుని తీసుకెళతారు. “మంచి పిల్లలురా” అన్నాను. “మంచివాళ్ళే తాతగారూ. కానీ రోజూ థాంక్స్ చెప్పి చెప్పి అలిసిపోయాను. లిఫ్టుకి థాంక్స్ చెప్పక్కర్లేదు కదా!” అన్నాడు. నకారా తీర్పు సారాంశం అంత చిన్న మాటలో చెప్పినవాణ్ణి నేను చూడలేదు.

ఈ సభ పెద్దలకు మూడు మనవులు చేసుకుని విరమిస్తాను. మొదటిది, మన నెలవారీ సమావేశం మెట్లున్న ఈ పై హాల్లో కాకుండా నేల మీద ఉన్న గదిలో పెట్టండి. మెట్లు ఎక్కలేక రానివారి పేర్లు నేను ఇప్పుడే పదకొండు చెప్పగలను, వారంతా ఒకప్పుడు ఈ సంఘాన్ని నిలబెట్టినవారే. రెండవది, వైకల్యం ఉన్న బిడ్డలున్న సభ్యుల కోసం నెలకు ఒక పూట సహాయ బల్ల పెడదాం. ఫారాలు నింపడం, సర్టిఫికెట్‌కు తోడు వెళ్ళడం, పి.పి.ఒ.లో పేరు ఎక్కించడం మనకు చేతనైన పనులు. ముప్ఫై అయిదేళ్ళు ఫైళ్ళు నడిపిన చేతులివి. అక్కడ చెప్పిన సంగతి గది దాటి బయటికి పోదని మాట ఇద్దాం. మూడవది, అమీర్‌పేట, పంజగుట్ట స్టేషన్ల నుంచి నిమ్స్ దాకా కాలిబాట మీద ఎక్కడెక్కడ గట్లు అడ్డమో కొలిచి, పటం గీసి, మున్సిపల్ కార్పొరేషన్ వారికీ మెట్రో వారికీ మెమొరాండం ఇద్దాం. మనలో రిటైరైన ఇంజనీర్లు నలుగురున్నారు. టేపు నేను తెస్తాను.

బయటికి వెళ్ళేటప్పుడు ద్వారం దగ్గర ఒక రిజిస్టరు పెట్టించాను. సహాయ బల్ల దగ్గర పనిచేయదలచినవారు మొదటి పేజీలో పేరు రాయండి. సాయం కావలసినవారు ఏమీ రాయనక్కరలేదు, ఫోన్‌లో నాతో ఒక్క మాట చెప్పండి, నేనే మీ ఇంటికి వస్తాను.